పాదచారుల, సైకిళ్ల వంతెనలు – బాటలు

నడిచేవారి కోసం, సైకిలు తొక్కేవారి కోసం కట్టినవీ, వారికి అనువుగా మార్చినవీ అయిన వంతెనలనూ బాటలనూ పట్టణ ప్రణాళికలో ఒక ప్రత్యేక విభాగంగా చూస్తారు. కొత్తగా నిలబెట్టే వంతెనలు ఇందులో ఒక భాగం మాత్రమే. వాహనాల వంతెన మీద ఒక పక్క చోటు కేటాయించడం, రైళ్లు ఆగిపోయిన పట్టాల దారిని బాటగా మార్చడం, కాలువ గట్టును చదును చేసి కంకర పరచడం, మెట్లున్న చోట ర్యాంపు కట్టడం కూడా ఈ విభాగంలోవే. కొత్త వంతెనకు ఫొటోలూ ప్రారంభోత్సవాలూ ఎక్కువ. జనానికి రోజువారీగా ఒరిగినదేమిటని చూస్తే మాత్రం ఉన్నదాన్ని బాగుచేసిన పనులే తరచు ముందుంటాయి. ఈ వ్యాసంలో వాటికే ఎక్కువ చోటు దక్కింది.

వంతెన దగ్గర తెగే దారి

బాట ఎంత బాగున్నా నది, రైలు మార్గం, హైవే అడ్డొచ్చిన చోట తెగిపోతుంది. కారులో వెళ్లే మనిషికి నాలుగు కిలోమీటర్ల చుట్టుదారి అంటే అయిదారు నిమిషాల పని. నడిచే మనిషికి అదే దూరం దాదాపు గంట. నెత్తిన తట్టతో సంతకు వెళ్లే ఆమెకు, పుస్తకాల సంచీతో బడికి వెళ్లే పిల్లవాడికి ఆ గంట మోయలేని భారం. అందుకే వారు చుట్టూ తిరగరు. ప్రమాదమని తెలిసినా పట్టాలు దాటుతారు, డివైడరు ఎక్కి దిగుతారు, లారీల పక్కనే వంతెన పిట్టగోడను ఒరుసుకుంటూ నడుస్తారు. వారిది నిర్లక్ష్యం కాదు. దారి వేసినవారు వారిని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

మోటారు వాహనాల జోరు పెరిగాక కట్టిన వంతెనలలో చాలావాటికి ఈ లోపం పుట్టుకతోనే వచ్చింది. అంతకు ముందువారి ఆలోచన వేరు. 1943లో తెరిచిన కలకత్తా హౌరా వంతెనకు రెండు పక్కలా 15 అడుగుల చొప్పున కాలిబాటలున్నాయి. కూలీలు, చిన్న వ్యాపారులు, రైలు ప్రయాణికులు నడిచే వంతెన దాటుతారన్నది అప్పటి ఇంజనీర్లకు తెలిసిన సంగతి. తరవాతి రోజుల్లో నదుల మీద కట్టిన ఎన్నో వంతెనలకు రెండు అడుగుల గట్టు తప్ప మరేమీ మిగలలేదు. ఆ గట్టు మీదే కరెంటు స్తంభాలు, ఆ గట్టు కిందే మురుగు నీటి పైపులు.

బరువు, ఊపు, తుప్పు

మనిషి బరువు లారీ ముందు లెక్కలోనిది కాదు కాబట్టి కాలినడక వంతెన కట్టడం తేలిక అనిపిస్తుంది. నిజానికి కిక్కిరిసిన జనం బరువు తక్కువేమీ కాదు. మన దేశంలో వంతెనల మీద పడే భారాలను నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వారి ఐఆర్‌సీ 6 ప్రమాణం, మామూలు కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల బరువు లెక్కగట్టమంటుంది. పుణ్యక్షేత్రాలు, పెద్ద తిరునాళ్లు జరిగే ఊళ్ల దగ్గరైతే 500 కిలోలు. పుష్కరాలకు లక్షల్లో కదిలే మన జనాన్ని ఎరిగినవారు రాసుకున్న నియమం ఇది.

బరువుకంటే చిక్కు ఊపుతో వస్తుంది. 1831లో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గరి బ్రాటన్ వేలాడే వంతెన మీద సైనికులు కవాతు చేస్తూ వెళ్తుండగా వంతెన కూలింది. ఎవరూ చనిపోలేదు గానీ, వంతెన మీద అడుగుల తాళం తప్పించి నడవాలన్న ఆదేశం బ్రిటిష్ సైన్యంలో అప్పటి నుంచి వచ్చింది. 1850లో ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో ఈదురుగాలి వేళ సైనికులు దాటుతుండగా మరో వేలాడే వంతెన తెగి 220 మందికి పైగా చనిపోయారు. అక్కడ గాలికీ అడుగులకూ తోడు, గట్టున పాతిన చోట తీగలకు పట్టిన తుప్పు కూడా కారణమని తేలింది.

ఈ పాఠాలన్నీ పుస్తకాలకెక్కిన తరవాత కూడా, లండన్‌లో 2000 జూన్ 10న తెరిచిన మిలీనియం వంతెన తొలిరోజే పక్కకు ఊగింది. మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. ఎడమకాలు ఒకవైపు, కుడికాలు మరోవైపు నెడతాయి కాబట్టి పక్కలకు పడే తోపు సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంది. వంతెన సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటే కొద్దిగా కదులుతుంది. ఆ కదలికకు తూలకుండా ఉండాలని జనం తెలియకుండానే కాళ్లు వెడంగా పెట్టి, ఊపుకు తగ్గట్టు అడుగు వేస్తారు. దాంతో ఊపు మరింత పెరుగుతుంది. రెండు రోజులకే వంతెన మూసి, 50 లక్షల పౌండ్ల ఖర్చుతో ఊపును మింగే డాంపర్లు అమర్చి, 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. కాలినడక వంతెనల రూపకల్పనలో పక్క ఊపును ముందుగానే లెక్కగట్టడానికి ఆ తరవాత ప్రాధాన్యం పెరిగింది.

బాగుచేయడమంటే పైపై పని కాదని గుజరాత్‌లోని మోర్బీ చెబుతుంది. మచ్ఛూ నది మీద 19వ శతాబ్దంలో సంస్థానం కట్టించిన వేలాడే వంతెనను మరమ్మతు చేసి 2022 అక్టోబరు 26న తెరిచారు. నాలుగు రోజులకు, 30వ తేదీ సాయంత్రం అది తెగి 130 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో పిల్లలెందరో. ప్రధాన తీగలో ఉన్న 49 ఉక్కు పోగులలో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని ప్రత్యేక దర్యాప్తు బృందం ప్రాథమిక నివేదిక తేల్చింది. నడిచే పలకలు మార్చారు, తీగ మార్చలేదు. తెరిచే ముందు బరువు పరీక్ష లేదు. ఒకేసారి ఎంతమందిని అనుమతించాలన్న కట్టడి లేదు. పాత వంతెనను జనానికి తెరిచే ప్రతి ఊరూ ముందు చదవవలసిన నివేదిక అది.

మెట్ల దగ్గర జరిగే ప్రమాదాలకూ ఇంతే పాత చరిత్ర ఉంది. న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన 1883 మే 24న తెరుచుకుంటే, వారం తిరగకముందే మెట్ల దగ్గర తొక్కిసలాటలో 12 మంది చనిపోయారు. ముంబైలో 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద వానకు తలదాచుకున్న జనం ఇరుక్కుని 23 మంది మరణించారు. రెండు చోట్లా వంతెన నిలబడే ఉంది. జనానికి చాలనిది దాని వెడల్పు. ముంబై ప్రమాదం తరవాత అక్కడ కొత్త వంతెనను సైన్యం కొద్ది నెలల్లోనే కట్టి ఇచ్చింది. తలచుకుంటే ఎంత త్వరగా అయ్యే పని అది!

ఉన్న వంతెన మీదే చోటు

బ్రూక్లిన్ వంతెనకు వాహనాల వరసల కంటే ఎత్తులో, నడిమధ్యన కాలిబాట మొదటి నుంచీ ఉంది. రూపకర్త జాన్ రోబ్లింగ్ దాన్ని నగరవాసుల విహారానికే ఉద్దేశించాడు. తరవాతి కాలంలో ఆ బాట మీద గీత గీసి ఒక పక్క సైకిళ్లకు, ఒక పక్క నడిచేవారికి ఇచ్చారు. ఫొటోలు దిగే యాత్రికులు, బండి మీద వస్తువులు అమ్మేవారు, పనికి వెళ్లే సైకిళ్లు అదే ఇరుకులో. ఎన్నో ఏళ్ల ఒత్తిడి తరవాత 2021 సెప్టెంబరులో కార్ల నుంచి ఒక వరస తీసుకుని, కాంక్రీటు అడ్డుకట్టతో రెండువైపులా సైకిళ్లు వెళ్లే బాటగా మార్చారు. పై బాట పూర్తిగా నడిచేవారిదైంది. కొత్త ఉక్కు గాని, కొత్త స్తంభం గాని అవసరం పడలేదు.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని లూయీస్ రాణి వంతెన కథ కూడా ఇలాంటిదే. కార్ల వరసలు తగ్గించి సైకిల్ బాటలను, కాలిబాటలను వెడల్పు చేశారు. ఇప్పుడు రోజుకు 40 వేలకు పైగా సైకిళ్లు దాటే వంతెన అది. సాయంత్రపు ఎండలో జనం గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటుగానూ మారింది.

రోడ్డు నుంచి చోటు తీయలేనప్పుడు వంతెన పక్కనే బాటను తగిలించవచ్చు. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో వాల్ నది మీది రైలు వంతెనకు 2004లో ఇలా ఒక సైకిల్ బాట అమర్చారు. నది మధ్యలో కొత్త పునాదులు తవ్వే ఖర్చు తప్పింది. పాత వంతెన ఆ అదనపు బరువును మోయగలదా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న. మోయగలిగితే ఇంతకంటే చవకైన దారి లేదు.

కొత్తగా కట్టినవి

కోపెన్‌హాగెన్ ఓడరేవు కాలువ మీద 2006లో బ్రిగ్గె వంతెన తెరిచారు. దాని ఒక కొస రేవు గట్టు దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి సైకిలును మెట్ల మీద మోసుకెళ్లవలసి వచ్చేది. ఆ తెగిన ముక్కను కలుపుతూ 2014లో వచ్చిందే సైకెల్‌స్లాంగెన్. నారింజ రంగు నేలతో, మెలికలు తిరిగి, సుమారు 230 మీటర్ల పొడవున సాగే ఈ బాట ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. దాని గొప్పతనం మెలికలో లేదు. మెట్లు తీసేసి సైకిలు దిగకుండా వెళ్లగలిగేలా చేయడంలోనే ఉంది. నడిచేవారు రేవు గట్టునే వెళ్తారు, సైకిళ్లు పైనుంచి వెళ్తాయి. ఇద్దరికీ ఇబ్బంది పోయింది.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ శివారులో 2012లో తెరిచిన హోవెన్‌రింగ్ ఒక కూడలి మీద గాలిలో వేలాడే ఉంగరం. 70 మీటర్ల స్తంభానికి 24 తీగలతో 72 మీటర్ల వ్యాసం గల వలయం కట్టారు. కింద కార్లు, పైన సైకిళ్లు. ఇక్కడా తీగలు గాలికి కంపించడంతో డాంపర్లు పెట్టే వరకు తెరవలేకపోయారు. యూట్రెక్ట్‌లో 2017లో కాలువ మీద కట్టిన డాఫ్నె స్కిప్పర్స్ వంతెనకు ర్యాంపు వేసేందుకు స్థలం చాలలేదు. అందుకని బాటను ఒక బడి కప్పు మీదుగా తీసుకెళ్లారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2015లో తెరిచిన టిలికమ్ క్రాసింగ్ మీద రైళ్లు, బస్సులు, సైకిళ్లు, మనుషులు వెళ్తారు. సొంత కార్లకు ప్రవేశం లేదు.

పట్టాలు తీసిన దారులు

రైలు మార్గానికి ఎత్తుపల్లాలు తక్కువ, మలుపులు నిదానం, నదుల మీద గట్టి వంతెనలు సిద్ధం. రైళ్లు ఆగిపోతే అది సైకిళ్లకు తగిన దారి అవుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్–స్పార్టా మధ్య 32 మైళ్ల మార్గాన్ని 1960ల్లో ఇలాగే మార్చారు. మూడు సొరంగాలున్న ఆ బాట తరవాత వందలాది బాటలకు నమూనా అయింది. అయితే రైల్వే సంస్థ మార్గాన్ని వదిలేస్తే కిందున్న నేల చాలా చోట్ల పక్క భూముల యజమానులకు పోయేది, దారి ముక్కలయ్యేది. 1983లో అమెరికా చట్టసభ జాతీయ బాటల చట్టాన్ని సవరించి, భవిష్యత్తులో మళ్లీ రైలు అవసరం పడవచ్చు కాబట్టి అందాకా బాటగా వాడుకుంటూ మార్గాన్ని చెదరకుండా ఉంచవచ్చని నిర్ణయించింది. రైలు బాటల విస్తరణకు ఇంజనీరింగు ఎంత తోడ్పడిందో ఈ ఒక్క చట్ట సవరణ అంత తోడ్పడింది. బ్రిటన్‌లో బ్రిస్టల్–బాత్ మధ్య పాత రైలు దారిని 1979 నుంచి 1986 వరకు ముక్కముక్కగా బాటగా మలిచారు. అందులో స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ ఎంతో ఉంది.

ఈ విభాగంలో ఎక్కువసేపు నిలిచి చూడవలసినది న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీ రైలు వంతెన. హడ్సన్ నది మీద 1889లో రైళ్లు మొదలయ్యాయి. 1974లో నిప్పంటుకుని రాకపోకలు ఆగిపోయాయి. ఎన్నో ఏళ్లు ఎవరికీ పట్టని ఇనుముగా నిలబడింది. 1992లో స్థానికులు సంఘం పెట్టుకుని, 1998లో వంతెనను తమ చేతికి తెచ్చుకున్నారు. పాత ఉక్కు స్తంభాలను తనిఖీ చేయించి, పైన కాంక్రీటు పలకలు పరిచి, 2009 అక్టోబరు 3న జనానికి తెరిచారు. నీటి మట్టానికి 212 అడుగుల ఎత్తున, రెండు కిలోమీటర్ల పొడవున ఉన్న ఆ వంతెన రెండు గట్ల మీదా ఉన్న రైలు బాటలను కలిపింది. తెరిచిన అయిదేళ్లకు నది ఒడ్డు నుంచి పైకి లిఫ్టు పెట్టారు. వంతెనను కాపాడటం ఒక పని, దాన్ని రెండువైపులా బాటలతో ముడివేయడం మరో పని. రెండోది కూడా చేశారు కాబట్టే అది చూసి వెళ్లే వింతగా మిగలకుండా దారిగా బతికింది.

పిట్స్‌బర్గ్ నుంచి కంబర్‌ల్యాండ్ వరకు 150 మైళ్ల గ్రేట్ అలిగెనీ పాసేజ్ 2013లో పూర్తయింది. అక్కడి నుంచి వాషింగ్టన్ వరకు పాత ఛెసపీక్–ఒహాయో కాలువ గట్టు బాట సాగుతుంది. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను తాళ్లతో లాగుతూ నడిచిన గట్టు అది.

బాట నాణ్యత

రెండువైపులా సైకిళ్లు వెళ్లే బాటకు కనీసం మూడు మీటర్ల వెడల్పు కావాలి, నడిచేవారు కూడా ఉంటే నాలుగు అవసరం. ర్యాంపు వాలు 20కి 1 ఉంటే హాయి, 12కి 1 మించితే చక్రాల కుర్చీకి కష్టం. వంతెన జాయింట్ల సందులు బాట సాగే దిశలోనే ఉంటే సైకిలు చక్రం ఇరుక్కుంటుంది. కర్ర పలకలు వానకు జారతాయి, కాబట్టి గరుకు పూత వేయాలి. నీళ్లు నిలిచిన బాట ఏదీ మన్నదు. కార్లు రాకుండా బాట నడుమ పాతే ఇనుప స్తంభాలు చీకట్లో సైకిళ్లకే ప్రమాదం. వెలుతురు లేని బాటను, ముఖ్యంగా స్త్రీలు, చీకటి పడ్డాక వాడరు.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32 వేలకు పైగా ఉన్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని ఏనాడో చెప్పింది. పాదచారులకు ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవన హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది.

రోడ్డు దాటేందుకు మన నగరాలు ఎక్కువగా ఫుట్ ఓవర్ బ్రిడ్జిని నమ్ముకున్నాయి. 30, 40 మెట్లు ఎక్కి దిగమని నడిచేవారిని అడగడం, వాహనాన్ని అర నిమిషం ఆపమని అడగకపోవడం న్యాయం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, గర్భిణులు, సైకిలున్నవారు ఆ మెట్లు ఎక్కలేరు. సిగ్నలు పెట్టి నేల మీదే దాటనివ్వడం చాలా చోట్ల మేలైన పరిష్కారం. కూడలి మరీ పెద్దదైనప్పుడు హైదరాబాద్ ఉప్పల్‌లో 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ లాంటిది పనికొస్తుంది. సుమారు 660 మీటర్ల ఆ బాటకు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మెట్రో స్టేషనుతో నేరుగా కలుస్తుంది.

హైదరాబాద్‌లోనే దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెనను మొదట్లో వారాంతాల్లో వాహనాలు ఆపి జనానికి వదిలారు. కిటకిటలాడిన ఆ సాయంత్రాలు నగరానికి నడిచే చోటు ఎంత కరవో చూపించాయి. అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సౌర ఫలకాలే కప్పు. దక్షిణ కొరియాలో డేజియాన్–సెజోంగ్ హైవే మధ్యనున్న ట్రాక్ దానికి నమూనా. ఎండ నుంచి కాపు, కరెంటు ఉత్పత్తి రెండూ మెచ్చదగినవే. కాకపోతే అది వ్యాయామానికి వెళ్లేవారికి ఉపయోగపడినంతగా పనికి వెళ్లేవారికి ఉపయోగపడదు. ఇంటి నుంచి ట్రాక్ వరకు, ట్రాక్ నుంచి ఆఫీసు వరకు భద్రమైన దారి ఉన్నప్పుడే ఆ లోటు తీరుతుంది. మూసీ మీద 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ మీద ఇప్పుడు కూరగాయల అంగళ్లు నడుస్తున్నాయి. బండ్ల రద్దీ పక్క వంతెనకు మారింది. పాతది జనం చేతికి వచ్చింది.

గోదావరి, కృష్ణా డెల్టాలలో బాటల కోసం కొత్త భూమి సేకరించవలసిన పనే లేదు. 1852లో ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలువలను సాగుకే కాదు, పడవల రాకపోకలకూ వాడారు. తెరచాప సాయం లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆ గట్లు ఊళ్లను, బడులను, లాకులను, సంతలను ఈనాటికీ కలుపుతున్నాయి. వాటిని గట్టు బలం తగ్గకుండా చదును చేసి, నీడకు చెట్లు నాటి, పిట్టగోడ లేని కాలువ వంతెనలకు రెయిలింగు పెడితే అవి దేశంలోనే పొడవైన సైకిల్ బాటలవుతాయి.

ఇక రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై, 1900లో మద్రాసు–కలకత్తా మార్గంలో రైళ్లు నడిచాయి. 56 స్పాన్ల ఈ వంతెన మీదుగా 1997 వరకు రైళ్లు గోదావరి దాటాయి. ఆ తరవాత అవి పక్కనున్న ఆర్చి వంతెనకు మారాయి. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో ఈ వంతెన అభివృద్ధి ఒక భాగం. పొకీప్సీ కంటే ఇక్కడ అవకాశం పెద్దది. అవతలి గట్టున కొవ్వూరు ఉంది, రోజూ పనికీ చదువుకూ నది దాటే జనం ఉన్నారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. స్తంభాలను, గర్డర్లను నీటి అడుగు వరకు పరీక్షించి, చదరపు మీటరుకు 500 కిలోల లెక్కన బరువు సరిచూసి, రెండు కొసలా మెట్లు లేని ర్యాంపులతో ఊరి రోడ్లకు కలపాలి. సెల్ఫీల గ్యాలరీగా, టికెట్టు పెట్టి సాయంత్రం మాత్రమే చూపించే చోటుగా దాన్ని కుదించవద్దు. తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు, సైకిళ్లతో సహా, ఉచితంగా తెరిచి ఉంచాలని గోదావరి రెండు గట్ల ప్రజలు ఇప్పుడే అడగాలి.